ఒర్నాను కళ్లం

తాండూరు,
9 మార్చి 2025, ఆదివారం.

మత్తయ్యకు,

ఎండ ముదిరింది. పొద్దున బండల కోత యూనిట్‌లో నీళ్ల గుంత ఖాళీ చేయించి, అడుగున పేరుకున్న రాతి మడ్డి ఎత్తించాను. ఆదివారం కాబట్టి కోత మిషన్లు బందు. చప్పుడు లేదు. అందుకే రాయగలుగుతున్నాను.

దీపావళి నుంచి నీకు చాలాసార్లు ఫోన్ చేశాను. మోగుతుంది, ఎత్తవు. ఒకసారి ఎత్తి, హలో హలో అని పెట్టేశావు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. దేనికో తెలియలేదు. తెలియనప్పుడు ఊరుకోవడం నా అలవాటు. కానీ ఈ సంగతి ఊరుకునేది కాదు.

నిన్న మా సందీప్ తన ఫోన్ తెచ్చి చూపించాడు. "నాయినా, గీ బండ మీద అక్షరాలు నువ్వు చెక్కినట్టే ఉన్నయే" అన్నాడు. చూస్తే నేను చెక్కినవే. నీలం నాపరాయి మీద ఇంగ్లీషులో 'ఒర్నాన్' అని. కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి ఆ ఒర్నాన్ బ్యాండు కుర్రాళ్లు మీ చర్చి కూడికకు వచ్చినప్పుడు నేను చెక్కి ఇచ్చిన బండ. దాన్నే ఫోటో తీసి తర్వాత క్యాసెట్టు అట్టకు వేసుకున్నారట. నాకిప్పుడే తెలిసింది.

నార్వేలో ఒకాయన ఉన్నాడట. ఎవరూ వినని క్రైస్తవ హెవీ మెటల్ బ్యాండ్ల క్యాసెట్లు ఏరి నెట్‌లో పెడతాడట. దీని కింద 'వాడి, ఇండియా. వీళ్ల గురించి ఏమీ తెలియదు' అని రాశాడు. మనకు తెలుసు. వాళ్లు దారిలో మా ఇంట్లో దిగి అన్నం తిన్నారు. ఆ జుట్లు చూసి మా అమ్మ నిన్ను అడిగింది: "మత్తయ్యా, గీళ్లు సాధువులా, దొంగలా?" నువ్వు "దేవుని పాటలు పాడేటోళ్లు పెద్దమ్మా" అన్నావు. "మరి దేవుడు గీళ్లకు దువ్వెన ఇయ్యలేదా?" అంది.

అందులో ఒక ఇంగ్లీషు పాట ఉంది. సందీప్ విని, నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

నీకు కోపమైతే అదైనా రాయి.

మల్లేశ్వర్


వికారాబాద్,
16 మార్చి.

అరే మల్లేశూ,

కోపం కాదు, చెవుడు.

పెళ్లిళ్లలో, బోనాలలో, ఎలక్షన్లలో, మా కూడికల్లో స్పీకరు పెట్టెల పక్కన కుర్చీ వేసుకుని బతికినవాడికి ఇంకేం మిగులుతుంది? కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమది కొంచెం ఉంది. హెడ్‌ఫోను అదిమి పెట్టుకుంటే పాట పాటలా తెలుస్తుంది. ఫోనులో మాట మాత్రం తవుడు జల్లించినట్టు ఉంటుంది. ఆ రోజు నువ్వు చెప్పింది ఒక్క ముక్క అర్థం కాక పెట్టేశాను. నీకు చెప్పడానికి సిగ్గేసింది. మైకు సెట్టు మత్తయ్యకు చెవుడంటే కొడంగల్ దాకా నవ్వుతారు.

జూన్ చివర్లో హైదరాబాద్‌లో ఆపరేషన్. కుడిది ఇక పనికిరాదట, ఎడమ చెవి లోపలికే తీగ దూర్చి మిషను పెడతారు. డాక్టరమ్మ కాగితం మీద రాసి చూపించింది. ఇప్పుడున్న కాస్త వినికిడి పోవచ్చు. తర్వాత మాటలు తెలుస్తాయి. పాటలు మాత్రం మునుపటిలా ఉండవు. మా ప్రణవి, "నాన్నా, నాతోని మాట్లాడుతవు కదా, గది చాలదా?" అంటుంది. బిడ్డతో మాట్లాడటం చాలదని ఏ తండ్రి అంటాడు?

కానీ నీ ఉత్తరం చదివాక ఒక ఆశ పుట్టింది. ఈ చెవి పోయేలోపు ఒక్క పాట వినాలి. ఇంగ్లీషుది కాదు. తెలుగుది, 'ఒర్నాను కళ్లం'.

కథ నీకు అప్పుడు చెప్పానో లేదో. బైబిల్లో ఒర్నాను అనే రైతు కళ్లంలో గోధుమలు నూరుస్తుంటాడు. కత్తి దూసిన దేవదూత కనబడతాడు. నలుగురు కొడుకులు దాక్కుంటారు. ఆయన నూర్పిడి చేస్తూనే ఉంటాడు. ఆ మనిషి మీద వాళ్లలో పాడే నతానియేలు, మన నతన్, కట్టిన పాట. తొంభై మూడులో మా చర్చి మైదానంలో వాళ్లు ఎత్తుకున్న మొదటి పాట అదే. సగం అయిందో లేదో మా నాయన వెళ్లి ఫ్యూజు పీకాడు. సంఘపెద్ద కదా. "సైతాను అరుపులు నా చర్చి ముంగట నడవయి" అన్నాడు. పిల్లలు సామాను సర్దుకుని రైలెక్కారు. నేను మర్నాడే ఇల్లు వదిలి నా మైకు దుకాణంలో పక్క వేసుకున్నాను. ఆయన పోయేదాకా అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. పాట వినకుండానే తీర్పు చెప్పాడని నా కోపం.

తర్వాత క్యాసెట్టు చేశారని విన్నాను. నతన్ ముందుకు వెళ్లే ముఖం లేకపోయింది. ఆ పాట ఎలా ముగుస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు. ఒక్కసారి, ఈ చెవితో, చివరి దాకా వినాలి. తర్వాత తీగ దూర్చుకోనీ, గునపం దూర్చుకోనీ.

ఉత్తరమే రాయి. ఫోనులో అక్షరాలు చీమల్లా ఉంటాయి.

నీ మత్తయ్య


తాండూరు,
6 ఏప్రిల్.

మత్తయ్యకు,

నిన్న సాయంత్రం దుమ్ము గాలి వచ్చింది. పొద్దంతా ఆఫీసు గది కడిగించాను.

నీ చెవి సంగతి చదివాను. ఏమి రాయాలో తోచక ఇన్ని రోజులు రాయలేదు.

సందీప్ నార్వే ఆయనకు రాశాడు. ఆయన దగ్గరున్న క్యాసెట్టు రెండో వైపు బూజు పట్టి పోయిందట. తెలుగు పాట ఆ వైపే ఉందట. ఇంకో క్యాసెట్టు ఎక్కడా చూడలేదన్నాడు. ఇక నతానియేలును వెతకాలి. వాడి జంక్షన్‌లోనే ఉన్నాడో లేదో తెలియదు.

ఒక లోడు బాకీ ఉంది, అది పంపి వెళ్తానన్నాను. మా ఇంటామె నాగరాణి ఊరుకోలేదు. "అన్న చెవులు పోతుంటె మీరు బండలు లెక్కవెట్టుకుంట కూసోండి. రైలు మీ కోసం ఆగుతది" అంది.

ఇంగ్లీషు పాట ప్రణవి ఫోనుకు పంపించాను. విను.

మల్లేశ్వర్


వికారాబాద్,
13 ఏప్రిల్.

మల్లేశూ,

విన్నాను. ఒక గిటారు తెలుస్తోంది, రెండోది తెలియడం లేదు. డ్రమ్ముల పక్కన కొట్టే ఇత్తడి పళ్లేలు ఎవరో దొంగిలించుకుపోయినట్టున్నారు, వాటి చప్పుడే లేదు. కానీ నతన్ గొంతు ఉంది. తలుపు అవతల నుంచి పిలిచినట్టు ఉంది. ఉందంతే.

నేను తల ఊపుతుంటే ప్రణవి వీడియో తీసి నవ్వింది. "నాన్నా, చర్చిల ముసలోళ్లకు చూపెట్టాల్నా?" అంది. చూపించుకోమన్నాను. ఆ ముసలోళ్లలో నేనూ ఒకడినే ఇప్పుడు.

పోయిన నెల పరీక్షకూ ఈ నెల పరీక్షకూ వినికిడి గీత ఇంకా కిందికి దిగింది. నేను తొందరపెట్టను. నువ్వు తొందరగా చెయ్యి.

మత్తయ్య


తాండూరు,
4 మే.

మత్తయ్యకు,

రాత్రి చిన్న వాన. పొద్దున తడిసిన సిమెంటు బస్తాలు లోపలికి మార్పించాను.

నతానియేలు దొరికాడు. వాడి స్టేషన్ వెనక కోడిగుడ్ల హోల్‌సేలు దుకాణం. ఎవరు కావాలని అడిగాడు. ఒర్నాన్ నతానియేలు అన్నాను. చేతిలోని గుడ్ల అట్ట కింద పెట్టాడు. "గా పేరుతోని పిలిచినోళ్లు మస్తు దినాలైంది" అన్నాడు. పూర్తిగా బట్టతల. నేను అడగలేదు, తనే చెప్పాడు: "జుట్టు దేవునికి మొక్కిన. ఆయన గట్టిగ పట్టుకున్నడు, ఇడుస్తలేడు."

వాళ్లలో ఇద్దరు పోయారు. ఒకరు పుణెలో ఉన్నారు. ఈయన గొంతు గుడ్ల లారీల మీద అరిచి అరిచి బొంగురుపోయింది. క్యాసెట్టు మాత్రం ఒక్కటి మిగిలింది. నీ పేరు చెప్పగానే లోపలికి వెళ్లి తెచ్చాడు. "మత్తయ్యకు ఇయ్యి. జర పైలం, ఒక్కటే ఉన్నది" అన్నాడు.

మా పాత టేప్ రికార్డరులో విన్నాను. తెలుగు పాట ఉంది, చివరి దాకా ఉంది. కానీ టేపు సాగింది. గరగర. గొంతు మునిగి తేలుతోంది. నీకు మిగిలింది ఒక్క వినడం. దానికి ఇలాంటిది పంపలేను. పాత టేపులు బాగుచేసే ఆయన హైదరాబాద్‌లో ఉన్నాడని సందీప్ కనుక్కున్నాడు. నిన్న వెళ్లి ఇచ్చి వచ్చాను. నెలాఖరుకు ఇస్తానన్నాడు. నీ ఆపరేషన్ జూన్ చివర్లో కాబట్టి సమయం ఉంది.

మా యూనిట్ నుంచి పాలిష్ పట్టని బండ ఒక్కటీ గేటు దాటలేదని నీకు తెలుసు.

చివర ఎలా ఉందో రాయను. నువ్వే విను.

మల్లేశ్వర్


వికారాబాద్,
9 మే, శుక్రవారం.

అరే మల్లేశూ,

ఉత్తరం నిన్న వచ్చింది. చదివి నవ్వాను. తర్వాత భయమేసింది.

బాగుచేయడం వద్దు. జనరేటరు పక్కన కూర్చుని పాటలు విన్నవాడిని, గరగర నాకొక లెక్కా? ఎలా ఉంటే అలా తెచ్చి నా చేతిలో పెట్టు. ఆసుపత్రి నుంచి ఇప్పుడే ఫోన్ వచ్చిందట. ఎవరో వెనక్కి తగ్గారు, సోమవారమే చేరమంటున్నారు. కాదంటే మళ్లీ ఎప్పుడు పిలుస్తారో తెలియదు. ప్రణవి సెలవు కూడా పెట్టేసింది. వారం ఆపుదామా అన్నాను. "పాట కోసమా నాన్నా?" అంది. కోప్పడి ఉంటే వాదించేవాడిని. మెల్లగా అడిగింది.

ఈ ఉత్తరం నీకు చేరేసరికి ఆలస్యమవుతుందని తెలుసు. నీకు ఫోన్ చేయమని ప్రణవికి చెప్పాను. చెయ్యి ఊరుకోక రాస్తున్నాను.

మత్తయ్య


తాండూరు,
18 మే.

మత్తయ్యకు,

ఉక్క. నేడు ఏ పనీ పెట్టుకోలేదు.

జరిగింది రాస్తాను. శుక్రవారం ప్రణవి ఫోన్ చేసింది. శనివారం మొదటి రైలుకు హైదరాబాద్ వెళ్లాను. టేపుల ఆయన దుకాణానికి తాళం ఉంది. ఫోన్ చేస్తే సోలాపూర్‌లో బామ్మర్ది పెళ్లిలో ఉన్నాడు, తాళం చెవి తన జేబులోనే ఉందన్నాడు. పక్క దుకాణం వాళ్లను అడిగాను. ఆదివారం మళ్లీ వెళ్లాను. ఇచ్చేముందు ఒక కాపీ చేసి పెట్టుకుందామని నాకు తోచలేదు. సందీప్ ఫోనులో పట్టుకున్నా సరిపోయేది. గరగరతో ఉన్నదాన్ని ఎందుకు పట్టుకోవడం అనుకున్నాను.

సోమవారం నిన్ను లోపలికి తీసుకుపోయేటప్పుడు వరండాలో ఉన్నాను. నువ్వు చెయ్యి ఊపావు. నేను ఊపలేదు. చేతిలో ఏమీ లేదు.

మిగిలిన వినికిడి కూడా పోయిందని ప్రణవి చెప్పింది. మిషను స్విచ్ వేయడానికి ఇంకా చాలా రోజులు ఉన్నాయట. ఈలోగా నీకు అంతా నిశ్శబ్దమేనట. అందుకని, టేపు ఇచ్చేముందు మళ్లీ మళ్లీ విన్న గుర్తుతో పాట రాసి పంపుతున్నాను. నాకు సంగీతం రాదు. రాయి తెలుసు.

మొదట ఒక్క గిటారు. బ్లేడు రాయిని తాకాక, నీళ్లు ఇంకా వదలకముందు వచ్చే చప్పుడు అది. పళ్లు జివ్వుమంటాయి. డ్రమ్ములు వచ్చాక నీళ్లు వదిలినట్టు అవుతుంది. చప్పుడు తగ్గదు, దారిలో పడుతుంది. రెండో గిటారు కింద నుంచి వస్తుంది. లోడు లారీ వచ్చేముందు గడప వణుకుతుందే, అలా. అది చెవికంటే ముందు కాళ్లకు తెలుస్తుంది. నతానియేలు అరుస్తాడని ఇన్నాళ్లు అనుకున్నాను. అరవడం లేదు. దూరంగా పోతున్న మనిషిని పేరు పెట్టి పిలిచినట్టు పాడాడు. మాటలు ఇవి:

కత్తి దూసి దూత నిలిచె
కళ్లమింకా కాలేదు
కొడుకులంతా దాగినారు
కొంకి నేను వదలలేదు

ఇది రెండుసార్లు వస్తుంది. నువ్వు ఆ రోజు విన్నది ఇంతవరకేనని అనుకుంటున్నాను. ఇక్కడ టేపులో గిటార్లు, డ్రమ్ములు అన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. టేపు తెగిందనుకుని చూశాను. తెగలేదు. నతానియేలు గొంతు ఒక్కటే మిగులుతుంది. ఏ వాయిద్యమూ లేకుండా, మెల్లగా:

గింజ రాలనీ దేవా
గింజ రాలినంక రా
ఆకలున్న ఇల్లు ఉంది
అది నిండినంక రా

అంతే. తర్వాత ఏమీ లేదు.

ఇలా ఎందుకు పెట్టారని గుడ్ల దుకాణానికి ఫోన్ చేసి అడిగాను. నతానియేలు చెప్పాడు: "గా దినం కరెంటు వోయినంక గూడ నేను ఆపలే, పాడుకుంటనే ఉన్న. లొల్లిల ఎవ్వరికి వినవడలే. క్యాసెట్టుల గట్లనే పెట్టినం. మత్తయ్య వాళ్ల నాయిన మాకు సగం పాట కట్టిచ్చిండు." నవ్వుతూనే చెప్పాడు. ఆయనకు కోపం లేదు.

మల్లేశ్వర్


వికారాబాద్,
20 జులై.

మల్లేశూ,

నీ ఉత్తరం రెండు నెలలుగా దిండు కింద ఉంది. ఆ నిశ్శబ్దంలో దాన్నే విన్నాను. బ్లేడు, నీళ్లు, లారీ. నువ్వు ఇన్ని మాటలు ఒక్కచోట ఎప్పుడూ మాట్లాడలేదు. దొంగవి, లోపల ఇంత పెట్టుకుని తిరుగుతున్నావు. టేపు సంగతి మళ్లీ ఎత్తకు. నేను కూడా ఎత్తను.

జూన్‌లో మిషను స్విచ్ వేశారు. ప్రణవి నాన్నా అని పిలిచింది. డబ్బాలో పైసలు ఆడించినట్టు వినబడింది. నాకు కన్నీళ్లు వచ్చాయి, సంతోషమని ఆమె అనుకుంది. ఇప్పుడు నయం. కుక్కర్ కూత తెలుస్తోంది, మాట చాలావరకు తెలుస్తోంది. నువ్వు వస్తే ఎదురుగా కూర్చుని మాట్లాడుకోవచ్చు.

నువ్వు బాగుచేయించి పంపిన పాట పెట్టుకోలేదు, భయమేసి. నిన్న పెట్టాను. నీ ఉత్తరం ఎదురుగా తెరిచి పెట్టుకుని, మాటల మీద వేలు పెట్టుకుని విన్నాను.

పాట లేదు మల్లేశూ. రేకుల మీద కంకర పోసినట్టు ఉంది. ఒక అరుపు, దాని మీద ఇంకో అరుపు. రాసిన మాట కళ్ల ముందున్నా అది ఆ చప్పుడులో ఎక్కడుందో దొరకలేదు. చివర గొంతు ఒక్కటే మిగిలిన చోట మాత్రం గింజ అన్న మాట తెలిసింది. అది కూడా తెలుసు కాబట్టి తెలిసింది.

మిషను తీసి బల్ల మీద పెట్టాను. పెట్టాక తట్టింది. ఈ చప్పుడు నాకు కొత్తది కాదు. నా దగ్గర అప్పుడు ఉన్నవి ఉపన్యాసాల హారన్లు. ప్రార్థన చేస్తే పక్క ఊరికి కూడా స్పష్టంగా పోయేది. గిటారు తగిలితే చీలిపోయేవి. ఆ రోజు మైదానం చుట్టూ స్తంభాలకు కట్టినవి అవే. నేను వేదిక పక్కన, వాళ్ల సొంత పెట్టెల ముందు, హెడ్‌ఫోను పెట్టుకుని కూర్చున్నాను. నేను విన్నది పాట. మైదానంలో కూర్చున్నవాళ్లు విన్నది నిన్న నేను విన్నది. ఇది ఎవరైనా నా చర్చి ముందు పెడితే నేనే ఫ్యూజు పీకుతాను.

వినకుండా తీర్పు చెప్పాడని అన్ని ఏళ్లు మా నాయన మీద కోపం పెట్టుకున్నాను. ఆయన విన్నాడు. చివర్లో మంచం మీద ఉన్నప్పుడు, "ఏమన్న మాట్లాడు కొడుకా" అన్నాడు. మందు వేసుకున్నవా అని అడిగి బయటికి వచ్చాను.

నువ్వు ఆ రోజు ఎక్కడున్నావు? వేదిక దగ్గర నిన్ను చూసిన గుర్తు లేదు.

మత్తయ్య


తాండూరు,
28 జులై, సోమవారం.

మత్తయ్యకు,

ముసురు పట్టింది. పొద్దున షెడ్డు మీద లేచిపోయిన రేకు బిగించాను.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. నేను జనం వెనక, హారను కట్టిన స్తంభం దగ్గర నిలబడ్డాను. నాకూ ఒక్క మాట అందలేదు. మర్నాడు నువ్వు అడిగితే మస్తుండె అన్నాను. నువ్వు పక్కచుట్ట పట్టుకుని దుకాణం ముందు ఉన్నావు.

మీ నాయన పాట మొదలు కాగానే లేవలేదు. కాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి నా పక్కకు వచ్చి హారను కింద నిలబడ్డాడు. "కొడుకా మల్లేశూ, గా పిలగాడు ఏమంటుండు? దేవుని పేరన్న ఎత్తిండా?" అని అడిగాడు. "సమజైతలేదు పెద్దయ్యా" అన్నాను. చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని అవతలి స్తంభం దగ్గరికి వెళ్లాడు. అక్కడ కూడా నిలబడి విన్నాడు. మళ్లీ వచ్చాడు. "మావోడు కూసున్న కాడ మంచిగ వినవడుతున్నదేమో" అన్నాడు. నీ వైపు నడిచాడు. జనం మధ్యలో ఉండగా వెనక నుంచి ఎవరో, "పెద్దమనిషివి, నువ్వే గిట్ల ఊకుంటే ఎట్లనయ్యా?" అని గట్టిగా అన్నారు. ఆగాడు. అందరూ ఆయననే చూస్తున్నారు. నీ వైపు ఒకసారి చూశాడు. నువ్వు హెడ్‌ఫోను పెట్టుకుని, కళ్లు మూసుకుని, తల ఊపుతున్నావు. అప్పుడు ఫ్యూజు డబ్బా వైపు తిరిగాడు.

అప్పుడే చెబుదామనుకున్నాను. నువ్వు ఆయన పేరు కూడా ఎత్తనివ్వలేదు. కోపం తగ్గాక చెబుదామనుకున్నాను. ఆ తర్వాత ఆయన పోయాడు. పోయాక చెబితే నీకు బరువు తప్ప ఏముంటుందని ఊరుకున్నాను. నీకు చెవులు సరిగా ఉన్నంతకాలం చెప్పలేదు.

ఇక్కడ లారీవాడు హారను కొడుతున్నాడు. నాగరాణి రెండుసార్లు పిలిచింది. ఈ రోజు పని కూడా రాసి లేస్తాను. బంట్వారం లోడు పోయింది. కోత మిషనుకు కొత్త బ్లేడు వేయించాను. మధ్యలో కరెంటు పోయి వచ్చింది. వచ్చాక బండను ఆగిన చోటి నుంచే మళ్లీ కోయించాను.

మల్లేశ్వర్